కలప కొడుతూనే వన్యప్రాణులనూ చేపలనూ కాపాడుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కలప వ్యాపారంలో ప్లాన్లు ఎక్కువగా ఒకే వరుసలో తయారవుతాయి. ముందు మిల్లుకు ఎన్ని ఘనపు మీటర్లు కావాలో లెక్క. తర్వాత ఏ కూపులో (ఒక విడతలో కొట్టే అడవి ముక్కలో) కొట్టాలి, రోడ్డు ఎటు నుంచి వేయాలి. అన్నీ అయ్యాక ఎవరో ఒకరు గుడ్లగూబ సంగతి, వాగులో చేపల సంగతి ఎత్తుతారు. అప్పటికే కాంట్రాక్టు మీద సంతకాలు పడి ఉంటాయి. ఇక మిగిలేది బేరమే: ఇక్కడ పది మీటర్లు తగ్గించండి, అక్కడ నాలుగు చెట్లు వదలండి. ఆ బేరంలో ముందు ప్రాణులు నష్టపోతాయి. వ్యవహారం కోర్టుకెక్కితే అడవి యజమానీ నష్టపోతాడు.

ఈ గైడ్ ఆ వరుసను తిరగేస్తుంది. ఏం వదలాలో ముందు తేల్చుకుని, మిగిలినదాంట్లో ఎంత కొట్టవచ్చో తర్వాత లెక్క వేయాలి. ఇలా చేస్తే కలప కొంత తగ్గుతుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కానీ సగం కోత అయ్యాక పని ఆగిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది.

1. ఏ ప్రాణి దేని మీద ఆధారపడుతుందో రాసుకోండి

మొదట కాగితం పని. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ (ఏ జాతికి అంతరించే ప్రమాదం ఎంతో చెప్పే ప్రపంచ జాబితా), మీ దేశ చట్టం కింద రక్షణ ఉన్న జాతుల జాబితా, పాత సర్వే రికార్డులు ముందు పెట్టుకుని మీ అడవిలో ఉండే అవకాశమున్న జాతుల పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన మూడు గడులు పెట్టండి: పిల్లల్ని ఎక్కడ పెడుతుంది, ఏం తింటుంది, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్తుంది. చాలా సర్వేలు "ఎక్కడ కనిపించింది" అన్న గడి దగ్గరే ఆగిపోతాయి. అది ఆ ఒక్క రోజు సంగతి మాత్రమే చెబుతుంది.

తర్వాత అడవిలోకి వెళ్లాలి. ఇక్కడ ఓపిక ఎంత కావాలో తెలియాలంటే మార్బుల్డ్ మ్యూరలెట్ అనే పక్షిని చూడండి. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో ఉండే ఈ సముద్ర పక్షి తిండికి సముద్రం మీద ఆధారపడుతుంది, గుడ్డు పెట్టడానికి మాత్రం ముసలి అడవిలోకి వస్తుంది. గూడు కట్టదు. బాగా ఎత్తున, నాచు పట్టిన లావుపాటి కొమ్మ మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తెల్లవారుజామున మసక వెలుతురులో వచ్చి పోతుంది. దాని గుడ్డు చోటు కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ పార్కులో 1974లో దొరికింది, అదీ కొమ్మలు కత్తిరించడానికి చెట్టెక్కిన పనివాడికి. అంతకుముందు దశాబ్దాల పాటు పక్షి శాస్త్రవేత్తలు వెతికినా దొరకలేదు. మధ్యాహ్నం పూట ఒకసారి తిరిగొచ్చి "ఈ కూపులో ఏమీ లేదు" అని రాసే సర్వే ఎంత నమ్మదగిందో దీన్ని బట్టి మీరే అంచనా వేసుకోవచ్చు.

ఇప్పుడు పనిముట్లు మెరుగయ్యాయి. గుడ్లగూబల లాంటి వాటికి చెట్లకు కట్టే ఆటోమేటిక్ సౌండ్ రికార్డర్లు వారాల తరబడి రాత్రి శబ్దాలు పట్టి ఉంచుతాయి. నేల మీద తిరిగే జంతువులకు కెమెరా ట్రాప్‌లు ఉన్నాయి. చేపల కోసం వాగు నీటిని వడపోసి, అందులో కలిసిన డీఎన్‌ఏ ద్వారా ఏ జాతులు పైన ఉన్నాయో కనిపెట్టవచ్చు. అయితే డీఎన్‌ఏ చేప ఉందని చెబుతుందే గానీ ఎన్ని ఉన్నాయో, ఏ మలుపు దగ్గర గుడ్లు పెడుతున్నాయో కచ్చితంగా చెప్పలేదు. దానికి మనిషి వాగులో దిగి నడవాల్సిందే.

ఒక నియమం పెట్టుకోండి: "ఉంది" అని రాయడానికి ఒక్క ఆనవాలు చాలు. "లేదు" అని రాయాలంటే మాత్రం ఆ జాతి సంతానం కనే కాలంలో, ఒకటికి మించిన సీజన్లలో, పద్ధతి ప్రకారం వెతికి ఉండాలి.

2. రాజీ కుదరని చోట్లను ముందే పక్కన పెట్టండి

సమతుల్యత అనే మాట వినడానికి బాగుంటుంది గానీ కొన్ని చోట్ల అది పని చేయదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లెడ్‌బీటర్స్ పోసమ్ అనే చిన్న జంతువు ఉంది. చెట్టు తొర్రల్లో ఉంటుంది. అక్కడి మౌంటెన్ యాష్ చెట్లలో దానికి పనికొచ్చే తొర్ర ఏర్పడటానికి వందేళ్లకు పైనే పడుతుంది. ఒకసారి కొట్టిన చోటే మళ్లీ కొట్టే కోత చక్రం అంతకంటే తక్కువైతే, ఆ నేలలో తొర్ర ఉన్న చెట్టు ఇక ఎప్పటికీ తయారు కాదు. అక్కడ బఫర్లు (కోత లేకుండా చుట్టూ వదిలే పట్టీలు) గీసి, సీజన్లు మార్చి ఒరిగేది తక్కువ. ఈ పోసమ్ చుట్టూ ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. చివరికి 2024 జనవరి 1 నుంచి విక్టోరియా ప్రభుత్వ భూముల్లోని సహజ అడవుల్లో వాణిజ్య కోతనే ఆపేశారు.

కాబట్టి ప్రతి జాతి విషయంలో ఒక ప్రశ్న వేసుకోండి: దానికి కావాల్సిన చెట్టు వయసెంత, మా కోత చక్రం ఎంత? మొదటిది పెద్దదైతే ఆ చెట్లున్న చోటు కోత మ్యాపులోంచి బయటికి పోవాలి. ముసలి అడవి మిగిలి ఉన్న ముక్కలు, కొండ వాలులో జారిపోయే గుణమున్న గుంతలు, గుడ్లు పెట్టే వాగు భాగాలు, సంతానం కనే గుంపు స్థిరంగా ఉండే చోట్లు ఇవన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. వీటికి బదులుగా ఇంకోచోట మొక్కలు నాటుతామనే హామీలు కాగితం మీద అందంగా ఉంటాయి. రెండు వందల ఏళ్ల చెట్టుకు నాటిన మొక్క బదులు కాదు.

పక్కన పెట్టిన ముక్కలు మ్యాపు మీద ఎలా పడ్డాయో కూడా చూడండి. దీవుల్లా విడివిడిగా పడితే ప్రాణులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోలేవు. వాగుల వెంట వదిలే పట్టీలతో వీలైనంత వరకు వాటిని కలపండి.

3. నీటి గీతలు గీయండి

చేపల విషయంలో అసలు పని ఇక్కడే ఉంది. ముందుగా ఒక పాత ప్రయోగం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర తీరంలో ఆల్సీ నది పరిధిలోని మూడు చిన్న వాగులను 1959 నుంచి 1973 వరకు పరిశోధకులు గమనించారు. ఫ్లిన్ క్రీక్‌ను ముట్టుకోలేదు. డీర్ క్రీక్ చుట్టూ అక్కడక్కడ కొట్టి ఒడ్డు చెట్లు వదిలారు. నీడిల్ బ్రాంచ్ చుట్టూ 1966లో ఒడ్డు దాకా మొత్తం కొట్టేశారు. కొట్టిన ఏడాది తర్వాత నీడిల్ బ్రాంచ్‌లో నీటి వార్షిక గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీల సెల్సియస్ నుంచి 29 డిగ్రీలకు ఎక్కింది. ఒరెగాన్ ఇప్పటి ప్రమాణాల ప్రకారం సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే నీరు 13 డిగ్రీలు, పిల్లలు పెరిగే నీరు 16 నుంచి 18 డిగ్రీలు దాటకూడదు. నీడ పోతే నీరు ఎంతగా వేడెక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. 1971లో ఒరెగాన్ అటవీ కోతల మీద తెచ్చిన చట్టం అమెరికాలో ఆ తరహాలో మొదటిది.

పని ఇలా మొదలుపెట్టండి. మ్యాపులోని వాగులన్నీ నేల మీద నడిచి చూడండి. మ్యాపులో లేని వాగులు తప్పకుండా కనిపిస్తాయి, ముఖ్యంగా ఎగువన ఉండే సన్నటివి. చేప ఎంత పైదాకా ఎక్కుతుందో తేల్చి, ఆ చివరి బిందువు దగ్గర గుర్తు పెట్టండి. వేసవిలో ఎండిన పాయను చూసి చేపలు లేవని కొట్టిపారేయకండి. చలికాలం వరదల్లో పిల్ల చేపలు అలాంటి పాయల్లోకే వచ్చి తలదాచుకుంటాయి.

తర్వాత ఒడ్డున వదలాల్సిన పట్టీ వెడల్పు. "ఎన్ని మీటర్లు చాలు?" అని అడిగే ముందు ఆ పట్టీ ఏ పని చేయాలో అడగాలి. ఒడ్డు మట్టిని వేళ్లు పట్టి ఉంచడానికి ఒక చెట్టు ఎత్తులో సగం దూరం సరిపోవచ్చు. నీడకూ, వాగులోకి పెద్ద దుంగలు సహజంగా పడటానికీ ఇంచుమించు ఒక చెట్టు ఎత్తు దూరం కావాలి. ఒడ్డు అడవిలో బతికే పక్షులు, ఉభయచరాల కోసమైతే ఇంకా ఎక్కువ. అమెరికా పసిఫిక్ వాయవ్యంలోని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అడవులకు 1994లో వచ్చిన నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ చేపలున్న వాగుకు రెండు వైపులా రెండు చెట్ల ఎత్తు గానీ 300 అడుగులు గానీ, ఏది ఎక్కువైతే అంత పెట్టింది. చేపలు లేకపోయినా ఏడాదంతా పారే వాగుకు ఒక చెట్టు ఎత్తు లేదా 150 అడుగులు. ప్రైవేటు భూముల నిబంధనలు చాలాచోట్ల ఇంతకంటే బాగా ఇరుకు.

చేపలు లేని ఎగువ వాగులను వదిలేయడం నేను చూసే ప్లాన్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. నీరు కిందికే పారుతుంది. పైన వేడెక్కిన నీరు, పైన కలిసిన మట్టి రెండూ చేపల దగ్గరికే వస్తాయి.

మట్టి ఎంత చేటు చేస్తుందో గులకరాళ్ల మధ్య చూస్తే అర్థమవుతుంది. ఆడ సాల్మన్ తోకతో కొట్టి గులకరాళ్లలో గుంత చేసి గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పేస్తుంది. ఆ రాళ్ల సందుల్లోంచి పారే నీరే గుడ్లకు ఆక్సిజన్ అందిస్తుంది. మెత్తటి ఒండ్రు ఆ సందుల్ని పూడ్చేస్తే గుడ్లకు ఊపిరాడదు. పొదిగినా పిల్లలు పైకి రాలేవు. యూరప్‌లోని మంచినీటి ముత్యపు ఆల్చిప్ప పరిస్థితి ఇంకా సున్నితం. వందేళ్లకు పైగా బతికే ఈ జీవి పిల్లదశలో సాల్మన్ లేదా ట్రౌట్ మొప్పలకు అతుక్కుని పెరుగుతుంది, తర్వాత రాలిపడి కొన్నేళ్లు వాగు అడుగు రాళ్లలో దాక్కుంటుంది. చేప తగ్గినా, అడుగు పూడినా దానికి చావే. పెద్ద ఆల్చిప్పలు కనిపిస్తున్నాయి కదా అని వాగు బాగుందనుకోవద్దు, కొత్త పిల్లలున్నాయా లేదా చూడాలి.

ఇక వాగులో పడి ఉన్న దుంగల మాట. పసిఫిక్ వాయవ్యంలో కొన్ని దశాబ్దాల పాటు, చేపల దారికి అడ్డమనే మంచి ఉద్దేశంతోనే, అధికారులు వాగుల్లోంచి దుంగల్ని తీయించారు. తీశాక నీరు నేరుగా, వేగంగా పోవడం మొదలైంది. లోతు మడుగులు పోయాయి, గులకరాళ్లు కొట్టుకుపోయాయి. ఇప్పుడు అదే ప్రాంతంలో డబ్బు ఖర్చు పెట్టి, హెలికాప్టర్లతో కూడా, దుంగల్ని తిరిగి వాగుల్లో వేస్తున్నారు. పడిన దుంగను పడినచోటే ఉండనివ్వండి.

గీత గీసేటప్పుడు కొలత వేసవి నీటి అంచు నుంచి తీసుకోవద్దు. నిండు ప్రవాహంలో నీరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి కొలవండి. వాగు పక్కకు జరిగే గుణమున్నదైతే, జరగగలిగినంత మేర బయటి అంచు నుంచి కొలవండి. దూరాన్ని వాలు వెంట కాకుండా మట్టంగా లెక్కపెట్టండి. వాలు వెంట కొలిస్తే కొండ ప్రాంతంలో పట్టీ తెలియకుండానే సన్నబడుతుంది. గాలి ఎక్కువ వీచే చోట మరీ సన్నటి పట్టీ మొదటి రెండు మూడు తుఫాన్లకే ఒరిగిపోవచ్చు, కాబట్టి అక్కడ ఇంకాస్త వదలండి.

4. రోడ్ల దగ్గర పిసినారితనం వద్దు

అడవి వాగుల్లోకి చేరే మట్టిలో ఎక్కువ భాగం రోడ్ల నుంచి, లారీలు తిరిగే బాటల నుంచి వస్తుంది. చెట్టు కొట్టిన చోట కొన్నేళ్లలో పచ్చదనం వస్తుంది. రోడ్డు మాత్రం వాడినంత కాలం బురద కారుస్తూనే ఉంటుంది. అందుకే ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు.

రోడ్డును వీలైనంత వరకు కొండ శిఖర రేఖ వెంబడి వేయండి. వాగు పక్కనే లోయలో వేస్తే చదునుగా, చవకగా కుదురుతుంది, నష్టం మాత్రం జీవితాంతం. వాగు దాటే చోట్లు ఎన్ని తక్కువైతే అంత మేలు. వాగు దగ్గరికి వచ్చేలోపే రోడ్డు పక్క కాలువ నీటిని అడ్డ తూముతో పక్క అడవి నేల మీదికి మళ్లించండి. ఆకులూ దుబ్బూ ఉన్న నేల ఆ బురదను పట్టేస్తుంది. ఈ ఒక్క పని సరిగ్గా చేసినా వాగు నీటి రంగులో తేడా కనిపిస్తుంది. వర్షంలో లారీ చక్రాల వెనక బురదనీళ్లు కారడం మొదలైతే ఆ రోజుకు రవాణా ఆపేయాలి. ఈ నియమాన్ని ముందే కాంట్రాక్టులో రాయకపోతే ఆ రోజు మీ మాట ఎవరూ వినరు.

కల్వర్టులు చేపల పాలిట గేట్లు. పైపు చివర నీరు జలపాతంలా దూకుతుంటే పెద్ద సాల్మన్ ఎగిరి దాటవచ్చేమో గానీ, పిల్ల చేప దాటలేదు. పైపు సన్నగా ఉంటే నీటి వేగానికి పెద్ద చేప కూడా వెనక్కి తిరుగుతుంది. వాగు నిండుగా పారేటప్పుడు ఎంత వెడల్పో దానికంటే కల్వర్టు కాస్త ఎక్కువ వెడల్పు ఉండాలి. అడుగు భాగంలో సిమెంటు, ఇనుము కాకుండా వాగు రాళ్లే ఉండాలి. ఒక చిన్న కల్వర్టు వెనక కిలోమీటర్ల కొద్దీ గుడ్లు పెట్టే వాగు మూతపడిపోతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో రాష్ట్ర రోడ్ల కల్వర్టులు సాల్మన్ దారికి అడ్డుపడి, ఒప్పందాల ద్వారా తమకు దక్కిన చేపల హక్కును దెబ్బతీస్తున్నాయని మూలవాసీ తెగలు కేసు వేశాయి. 2013లో కోర్టు వాటిని మార్చాలని ఆదేశించింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఆ ఆదేశమే నిలిచింది. ముందే పెద్ద కల్వర్టు వేసి ఉంటే అయ్యే ఖర్చుకు, తర్వాత రోడ్డు తవ్వి మార్చే ఖర్చుకు పొంతనే లేదు.

ఉష్ణమండల అడవుల్లో రోడ్డు తెచ్చే పెద్ద ముప్పు బురద కాదు, వేట. కలప కోసం వేసిన దారి వేటగాడికీ దారే. గాబోన్, కాంగో రిపబ్లిక్‌లలో 14 కలప కన్సెషన్లలో (కంపెనీలకు కోత హక్కు ఇచ్చిన అడవుల్లో) కెమెరా ట్రాప్‌లు పెట్టి చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ (బాధ్యతగా నిర్వహించే అడవులకు ఒక అంతర్జాతీయ సంస్థ ఇచ్చే గుర్తింపు) ఉన్న అడవుల్లో ఏనుగులు, గొరిల్లాల లాంటి పెద్ద జంతువులు, సర్టిఫికెట్ లేని చోట్ల కంటే రెండు రెట్లకు పైగా కనిపించాయి. రెండు చోట్లా చెట్లు కొడుతూనే ఉన్నారు. తేడా అంతా పాత రోడ్లు మూసేయడంలో, చెక్‌పోస్టుల్లో, లారీల్లో అడవి మాంసం ఎక్కించనివ్వకపోవడంలో, పనివాళ్లకు తినడానికి వేరే మాంసం అందుబాటులో ఉంచడంలో ఉంది. మీ లేబర్ క్యాంపు తిండి బిల్లు కూడా వన్యప్రాణి రక్షణ బడ్జెట్‌లో భాగమే అనుకోండి.

పని అయిపోయిన రోడ్డుకు గేటు పెట్టి వదిలేస్తే సరిపోదు. కల్వర్టులు తీసేసి, వాగు పాత వాలును తిరిగి ఇచ్చి, రోడ్డుకు అడ్డంగా కందకాలు తవ్వాలి.

5. కూపు లోపల ఏం నిలబెట్టాలో గుర్తు పెట్టండి

పక్కన పెట్టిన చోట్లు, వాగు పట్టీలు, రోడ్లు పోగా మిగిలిందే కోత నేల. ఇందులోనూ అన్నీ కొట్టేయకుండా కొన్నిటిని శాశ్వతంగా వదలాలి. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట్ల ఇది మామూలు పద్ధతి అయిపోయింది. బతికున్న చెట్ల గుంపులు, ఎండు మోళ్లు, కొన్ని చెట్లను మూడు నాలుగు మీటర్ల ఎత్తున నరికి వదిలే పొడవాటి మొదళ్లు, నేల మీద కుళ్లే దుంగలు ఇవన్నీ పురుగులకు, వడ్రంగిపిట్టలకు, తొర్ర పక్షులకు పనికొస్తాయి.

కొట్టాల్సిన చెట్టుకు కాకుండా నిలబెట్టాల్సిన చెట్టుకు రంగు వేయండి. పొరపాటున రంగు మరిచిన చెట్టు పోతే పోతుంది గానీ, పనివాడికి ఏ చెట్టు ముట్టుకోకూడదో స్పష్టంగా కనిపిస్తుంది. ఎండు మోళ్లను విడివిడిగా వదిలితే పనివాళ్ల మీద విరిగిపడే ప్రమాదం ఉంది. వాటి చుట్టూ బతికున్న చెట్లతో కలిపి గుంపుగా వదిలి, ఆ గుంపు లోపలికి ఎవరూ వెళ్లకుండా చూడండి. ప్రాణుల రక్షణ పేరుతో మనిషి ప్రాణం మీదికి తెచ్చే ప్లాన్ పనికిరాదు, సైట్‌లో ఎవరూ పాటించరు కూడా.

ఏ చెట్టు వదలాలి? ఇక్కడ కలప లెక్కకూ ప్రాణి లెక్కకూ అనుకోని పొత్తు కుదురుతుంది. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు రెడ్ కాకేడెడ్ వడ్రంగిపిట్ట బతికున్న ముసలి పైన్ చెట్టులోనే తొర్ర తొలుస్తుంది. అదీ లోపలి చేవ బూజు పట్టి మెత్తబడిన చెట్టు అయితే దానికి మరీ ఇష్టం. ఒక తొర్ర పూర్తి చేయడానికి ఏళ్లు పడుతుంది. తొర్ర చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టి జిగురు కారేలా చేస్తుంది. ఆ అంటుకునే జిగురు మీదుగా పాములు పైకి పాకలేవు. చేవ పాడైన చెట్టు మిల్లుకు ఎలాగూ మంచి ధర తేదు. వంకర చెట్లు, తొర్ర చెట్లు, పైభాగం విరిగిన చెట్లు వదిలితే పోయే ఆదాయం చూడటానికి కనిపించేంత పెద్దది కాదు. అయితే పనికిరాని చెట్లనే ఏరి వదిలి చేతులు దులుపుకోకూడదు. రేపటి ముసలి చెట్టు కావాలంటే ఈరోజు కొన్ని నిటారైన, ఆరోగ్యంగా ఉన్న చెట్లను కూడా వదలాలి.

6. కాలం, కాంట్రాక్టు, కోత రోజు

పక్షులు గుడ్లు పెట్టి పిల్లలు ఎగిరేదాకా ఆ చుట్టుపక్కల రంపం మోగకూడదు. వాగులో యంత్రం దిగే పనులు, కల్వర్టు వేయడం లాంటివి, చేపల గుడ్లు రాళ్లలో లేని కాలంలోనే చేయాలి. ఈ రెండు తేదీలూ తరచూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. అందుకే ఏడాది క్యాలెండర్ మీద అన్ని జాతుల నిషేధ కాలాలు ఒకేసారి గీసి, పనికి మిగిలిన వ్యవధి ఎంతో చూసుకున్నాకే మిల్లుకు మాట ఇవ్వండి.

కాంట్రాక్టులో డబ్బు ఎలా ఇస్తున్నారో చూడండి. కొట్టిన ఘనపు మీటరుకు మాత్రమే చెల్లిస్తే, ఒడ్డు చెట్టును చుట్టి పోవడం పనివాడి జేబుకు నష్టం. నష్టం పెట్టి జాగ్రత్త ఆశించడం న్యాయం కాదు. పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్నందుకు, బాటలు శుభ్రంగా ముగించినందుకు చెల్లింపులో విడిగా కొంత భాగం ఉంచండి. రక్షిత జాతి గూడు బయటపడితే పని ఆపేయాలనీ, ఆపిన రోజులకు కూలీ ఇస్తామనీ రాయండి. కూలీ పోతుందన్న భయముంటే గూడు చూసినా ఎవరూ చెప్పరు.

పని మొదలయ్యే ముందు రంపం పట్టేవాళ్లు, యంత్రం నడిపేవాళ్లు, లారీ డ్రైవర్లు అందరితో కూపు అంతా ఒకసారి నడవండి. రంగు గుర్తులు చూపించండి. చెట్టును వాగు నుంచి దూరంగా పడేలా కొట్టాలి. దుంగ లాగే బాటలు ముందే గీసి, యంత్రం వాటి మీదే తిరగాలి. నిటారు వాలుల మీద నేల మీద ఈడ్చకుండా కేబుల్‌తో పైకెత్తి లాగాలి. ఉష్ణమండల అడవుల్లో పెద్ద చెట్లను కలిపి అల్లుకున్న తీగల్ని కోతకు చాలా నెలల ముందే కోసేయాలి, లేకపోతే ఒక చెట్టు పడుతూ పక్క చెట్లను కూడా లాక్కుపోతుంది. మలేషియాలోని సబా రాష్ట్రంలో సుమారు 55,000 హెక్టార్ల డెరామకోట్ అడవికి ఇలాంటి తక్కువ నష్టపు కోతతోనే 1997లో ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ వచ్చింది. కోత జరిగే ఆ అడవిలో ఒరాంగుటాన్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

7. చట్టాన్ని భయంగా కాకుండా ఒప్పందంగా వాడుకోండి

రక్షణ చట్టాలతో ఒక చిక్కుంది. తన భూమిలో అరుదైన పక్షి దొరికితే కోత ఆగిపోతుందని తెలిస్తే, పక్షి వచ్చేలోపే చెట్లు కొట్టేయాలని యజమానికి అనిపిస్తుంది. పైన చెప్పిన వడ్రంగిపిట్ట విషయంలో అమెరికాలో ఇదే జరిగింది. పైన్ చెట్లు ముసలివి కాకముందే కొట్టేసిన యజమానులున్నారు. దానికి విరుగుడుగా 1995లో నార్త్ కరోలినా శాండ్‌హిల్స్‌లో సేఫ్ హార్బర్ ఒప్పందాలు మొదలయ్యాయి. ఇప్పుడున్న పక్షుల సంఖ్యను కాపాడతానని యజమాని మాట ఇస్తాడు. అతని మంచి నిర్వహణ వల్ల అదనంగా వచ్చే పక్షుల కారణంగా కొత్త ఆంక్షలు ఉండవని ప్రభుత్వం మాట ఇస్తుంది. ఈ పక్షిని 2024లో అంతరించే దశ జాబితా నుంచి ఒక మెట్టు తక్కువ ప్రమాదమున్న జాబితాకు మార్చారు. ప్రభుత్వ అడవుల్లో దశాబ్దాల కృషి, కృత్రిమ తొర్రలు, నియంత్రిత మంటలతో పాటు ఈ ఒప్పందాలకూ అందులో వాటా ఉంది.

పెద్ద విస్తీర్ణానికి ఇంకో దారి ఉంది. అమెరికా 1973 అంతరించే జాతుల చట్టానికి 1982లో చేసిన సవరణ, ఆవాస పరిరక్షణ ప్రణాళిక ఇస్తే, కోతలో అనుకోకుండా జరిగే పరిమిత నష్టానికి అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. వాషింగ్టన్ రాష్ట్ర అటవీ భూములు 1997 నుంచి అలాంటి ప్రణాళిక కిందే నడుస్తున్నాయి. ఒరెగాన్‌లో కలప కంపెనీలు, పర్యావరణ సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాక కూర్చుని మాట్లాడుకుని, ప్రైవేటు అడవుల మీద ఒక ఒప్పందానికి వచ్చాయి. అది 2022లో చట్టమైంది. మీ దేశంలో పేర్లు వేరుగా ఉండవచ్చు. అడగాల్సింది మాత్రం ఒకటే: ముందుగా ఒప్పుకున్న షరతులకు బదులుగా ఎన్నేళ్ల పాటు నిబంధనలు మారవన్న హామీ దొరుకుతుంది? కలప వ్యాపారానికి ఆ స్థిరత్వం కొన్ని వందల చెట్ల కంటే విలువైనది. చర్చలకు వెళ్లేటప్పుడు ఆ నేల మీద తరతరాలుగా హక్కున్న సమూహాలను చివర్లో కాకుండా మొదటి సమావేశానికే పిలవండి.

8. కొట్టాక చూడండి, ముందు కూడా చూసి ఉండండి

కోత తర్వాత మాత్రమే కొలిస్తే ఆ అంకెలతో ఏమీ తేలదు. కోతకు ముందు కనీసం రెండు మూడేళ్ల కొలతలు, పక్కనే కోత లేని వాగులో అవే కొలతలు ఉండాలి. ఆల్సీలో ముట్టుకోని ఫ్లిన్ క్రీక్ లేకపోతే నీడిల్ బ్రాంచ్ వేడిని ఎండల మీదికి నెట్టేసేవాళ్లు. నీటి ఉష్ణోగ్రత లాగర్లు చవక, వేసవి అంతా గంటగంటకూ రాసుకుంటాయి. వీటితో పాటు వాగు అడుగున ఒండ్రు శాతం, గుడ్ల గుంతల లెక్క, గుర్తు పెట్టిన చెట్లలో ఎన్ని నిలబడ్డాయి, ఒకే చోటి నుంచి ఏటా తీసే ఫొటోలు చాలు.

కారణం ఏమిటో తేల్చడం కొలవడం కంటే కష్టం. పసిఫిక్ వాయవ్యంలోని ముసలి అడవుల్లో ఉండే మచ్చల గుడ్లగూబను (నార్తర్న్ స్పాటెడ్ ఔల్) అమెరికా 1990లో ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ఆ తర్వాత ఫెడరల్ అడవుల్లో కోత బాగా పడిపోయింది. అయినా గుడ్లగూబలు తగ్గుతూనే ఉన్నాయి. తూర్పు నుంచి వచ్చి చేరిన బార్డ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ వాటిని తరిమేస్తోంది. దీన్ని చూపించి అడవి వదలడం దండగ అనేవాళ్లున్నారు. నాకు ఆ వాదన తలకిందులుగా అనిపిస్తుంది. పోటీ పెరిగినప్పుడు మిగిలిన మంచి అడవి ముక్క విలువ పెరుగుతుంది, తగ్గదు. మీ జాతి తగ్గుతుంటే కోత ఒక్కటే కారణమని గానీ, కోత అసలు కారణమే కాదని గానీ తొందరపడి రాయకండి.

ఏ అంకె దాటితే ఏం చేస్తారో కోతకు ముందే కాగితం మీద పెట్టి, యజమానితోనూ కాంట్రాక్టరుతోనూ సంతకం చేయించండి. ఉదాహరణకు, పోలిక వాగుతో చూస్తే వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత ముందు ఒప్పుకున్న తేడా కంటే పెరిగితే, తర్వాతి కూపులో ఎగువ వాగుల పట్టీ ఇంత మేర పెరుగుతుంది. గుర్తు పెట్టిన చెట్లలో ఇంత శాతానికి మించి గాలికి పడితే, వాటిని మిల్లుకు తోలకుండా నేల మీదే వదిలి, వచ్చే ఏడాది పెద్ద గుంపులుగా వదులుతాం. మొదటి భారీ వర్షం పడిన మర్నాడు ఎవరు కల్వర్టుల దగ్గరికి వెళ్లి చూడాలో కూడా పేరుతో సహా అందులోనే రాయండి. ఆ మనిషికి బండి, పార, కెమెరా ఇచ్చి, రోడ్డు మూసేసే అధికారం కూడా ఇవ్వండి.